తొరాజ కొండల్లో ఏడు రోజులు: పోయినవారు ఇల్లు విడవని చోట

ఫార్మలిన్ వాసనతో నాకు 31 ఏళ్ల పరిచయం. వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన కాలమంతా, దానంగా వచ్చిన దేహాలకు తొడ దగ్గర ధమనిని తెరిచి, ఎత్తున వేలాడదీసిన డబ్బా నుంచి ఫార్మలిన్, గ్లిజరిన్, ఫినాల్, స్పిరిట్ కలిపిన ద్రావకాన్ని నెమ్మదిగా ఎక్కించడం నా కళ్ల ముందు, కొన్నేళ్లపాటు నా చేతుల మీదుగా, జరిగిన పని. అయినా 2019లో రాజమహేంద్రవరంలో అమ్మ పోయిన రోజున ఆ మాట నా నోట రాలేదు. తమ్ముడు జకార్తా నుంచి రెండు విమానాలు మారి ఇల్లు చేరేసరికి మర్నాడు రాత్రి అవుతుంది. శవం లేవనిదే వీధిలో పొయ్యి వెలగదని, గుడి తలుపులు తీయరని, పొద్దుగూకేలోపు ఎత్తేయాలని పెద్దలు తొందరపెట్టారు. మా చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. తమ్ముడు వచ్చేసరికి గోదావరి ఒడ్డున బూడిద మాత్రమే మిగిలింది. "ఒక్క రోజు ఆపలేకపోయావా అక్కా?" అని వాడు అడిగాడు. ఆపడం ఎలాగో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజ అనే కొండజాతివారు పోయినవారి దేహాలను నెలలు, ఏళ్లు ఇంట్లోనే ఉంచుకుంటారని, సమాధి చేశాక కూడా కొన్ని ఊళ్లలో వారిని బయటికి తీసి కొత్త బట్టలు కడతారని మొదట చెప్పినవాడు తమ్ముడే. మమ్మీ అనగానే నాకు గుర్తొచ్చేది హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో, చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చూసిన ఈజిప్టు మమ్మీ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఆ దేహం వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. అది అద్దాల పెట్టెలో ఉన్న చరిత్ర. ఆ విద్య ఈనాటికీ ఎక్కడైనా బతికి ఉందా, ఉంటే ఏ రూపంలో ఉందన్నది నా కళ్లతో చూడాలనిపించింది. 2024 ఆగస్టులో ఇద్దరం కలిసి వెళ్లాం. ఇంటికి వచ్చి వారమవుతున్నా బట్టలకు పట్టిన పొగ వాసన పూర్తిగా పోలేదు.

ఆగస్టు 18, మకస్సర్ నుంచి కొండల్లోకి

తీరనగరం మకస్సర్ నుంచి తొరాజ కొండల్లోని రాంతెపావో పట్టణం చేరడానికి కారులో తొమ్మిది గంటలు పట్టింది. ముందురోజే వారి స్వాతంత్ర్య దినం కావడంతో ఊరూరా ఎరుపు తెలుపు జెండాలు, వెదురు కమానులు ఇంకా అలాగే ఉన్నాయి. పరెపరె దాకా దారి సముద్రం పక్కనే సాగి, ఆ తర్వాత లోపలికి మళ్లి కొండలెక్కుతుంది.

ఎన్రెకాంగ్ జిల్లాలో, లోయ మీదికి తెరుచుకున్న ఒక హోటల్లో ఆగినప్పుడు దాంకె తిన్నాం. పాలలో బొప్పాయి పాలు వేసి విరిచి, ముద్ద కట్టించి, ముక్కలుగా కోసి కాల్చి పెడతారు. జున్నుకన్నా గట్టిగా, కొద్దిగా చేదు తగులుతూ బాగుంది. ఇద్దరికీ కాఫీతో కలిపి 70 వేల రూపయ్యాలు అయింది. మన రూపాయికి అప్పట్లో ఉన్న సుమారు 190 రూపయ్యాల లెక్కన చూస్తే 370 రూపాయల లోపే. చీకటి పడ్డాక కొండ మలుపుల్లో మొదటి తొంగ్కోనన్ కనిపించింది. అది రెండు కొసలు పైకి లేచిన పడవలాంటి కప్పుతో ఉండే తొరాజ వంశపు ఇల్లు. ముందు స్తంభానికి కింది నుంచి పైదాకా దున్నపోతు కొమ్ములు వరసగా బిగించి ఉన్నాయి. ఎన్ని కొమ్ములుంటే ఆ ఇంట అంత ఘనంగా మరణ సంస్కారాలు జరిగాయని అర్థమని డ్రైవరు చెప్పాడు.

ఆగస్టు 19, బోలు సంత

తొరాజల మమ్మీల సంగతి తెలుసుకోవాలంటే ముందు దున్నల సంతకు వెళ్లాలని మా గైడు అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. ఆయన యాభై దాటిన మనిషి, మా ఇద్దరినీ ముందు కూర్చోబెట్టి కాఫీ పూర్తిగా తాగించాకగాని పని మాట ఎత్తలేదు. రోజుకు ఆరు లక్షల రూపయ్యాలకు కుదిరాడు. నన్ను "ఇబు" అని పిలిచేవాడు. అమ్మా అన్నట్టు.

రాంతెపావో పక్కనే ఉన్న బోలులో పెద్ద సంత జరుగుతుంది. పెద్ద మైదానం, మడమలు దిగబడే బురద, ముక్కుతాళ్లు పట్టుకుని నిలబడిన కుర్రాళ్లు, వందల దున్నలు. నల్లవాటికి ఒక ధర, మచ్చలున్న తెదొంగ్ బొంగాకు ఒక ధర. నలుపు తెలుపు సమంగా కలిసి, కళ్లు నీలంగా ఉండే సలెకో అనే రకాన్ని చూపించి అరవై కోట్ల రూపయ్యాలు అన్నారు. మన లెక్కలో 31 లక్షల పైమాటే. మామూలు నల్ల దున్నకే మూడు కోట్లు, అంటే లక్షన్నర దాటుతుంది. సలెకోను పట్టుకున్న కుర్రవాడు బకెట్టు నీళ్లు తెచ్చి, తన చేతి రుమాలు తడిపి దాని కళ్ల చుట్టూ తుడుస్తున్నాడు. దాన్ని దున్నడానికి వాడరు, మోతకు వాడరు. అది మరణ సంస్కారం నాటికి పెరిగే జంతువు.

పోయినవారి ఆత్మను పుయా అనే పితృలోకానికి మోసుకుపోయేది దున్న అని వారి నమ్మకం. పెద్ద వంశంలో 24 దున్నలు తక్కువ కాకూడదంటారు. ఆ డబ్బు కూడాలి, దూరపు దీవుల్లో, పాపువాలోనో కలిమంతన్‌లోనో గనుల్లో పనిచేసే పిల్లలు సెలవు పెట్టుకుని రావాలి, బంధువులకు బస కోసం వెదురు పాకలు ఒక ఊరంత కట్టాలి. ఆరు నెలలు కావచ్చు, మూడేళ్లు కావచ్చు. అంతదాకా దేహం చెడకూడదు. ఈజిప్టువారు దేహాన్ని భద్రపరచింది పరలోకంలో దాని అవసరం ఉందని. వీరికి అవసరం ఈ లోకంలోనే, అందరూ వచ్చి చేరేదాకా. ఈ తేడా నాకు సంతలో, ఆ బురదలో నిలబడి ఉండగా తెలిసింది.

మధ్యాహ్నం భోజనంలో పాపియోంగ్ తిన్నాం. కోడిమాంసం, కొబ్బరి కోరు, మయానా ఆకులు వెదురు గొట్టంలో కూరి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నంజుకోవడానికి కతొక్కొన్ అనే మిరపకాయ నూరి పెట్టారు. బుడ్డగా, ఎర్రగా, చిన్న కాప్సికంలా ముద్దొస్తుంది. గుంటూరు మిరప తిని పెరిగిన నాలుక నాది, అయినా రెండో ముద్దకు కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. వడ్డించిన ఆవిడ మాట్లాడకుండా ఒక బెల్లం ముక్క తెచ్చి నా పళ్లెంలో పెట్టింది.

ఆగస్టు 20, కెతె కెసు, లొండా

రెండూ పాత సమాధులున్న, పర్యాటకులు ఎక్కువగా వచ్చే చోట్లు. లొండా గుహలో లాంతరు పట్టుకునే మనిషికి 50 వేలు. రాతి గోడకు కట్టిన పాత చెక్క పెట్టెలు పుచ్చిపోయి, ఎముకలు నేల మీదికి జారి ఉన్నాయి. పైన అరుగు మీద తావు-తావు అనే చెక్క ప్రతిమలు, పోయినవారి పోలికలతో, తెల్లటి కళ్లతో లోయ వైపు చూస్తూ నిలబడ్డాయి. 1980ల్లో ఇలాంటి ప్రతిమలు చాలా ఊళ్లలో దొంగలపాలై విదేశాల్లో అమ్ముడయ్యాయట.

నేను ప్రత్యేకంగా చూసుకున్నది ఒకటుంది. ఆ పాత పెట్టెల్లో ఎక్కడా చర్మం, కండ మిగిలిన దేహం నాకు కనబడలేదు. ఉన్నవన్నీ ఎముకలే. ఈ సంగతి మూడు రోజుల తర్వాత పనికివచ్చింది.

ఆగస్టు 21, పద్నాలుగు నెలలుగా జబ్బుగా ఉన్న నాయనమ్మ

ఈ ఇంటికి వెళ్లడానికి గైడు మూడు రోజుల ముందే అడిగి ఉంచాడు. ఊరి పేరు రాయవద్దని ఇంటివారు కోరారు. చేతిలో ఏం పట్టుకెళ్లాలో కూడా గైడే చెప్పాడు: రెండు కిలోల చక్కెర, కాఫీ పొడి, ఒక పెట్టె లవంగం సిగరెట్లు. పెట్టె అంటే పది ప్యాకెట్లు, దానికే రెండు లక్షల డెబ్బై వేలు అయ్యాయి. నల్ల బట్టలు కట్టుకోవాలి. చేతికిచ్చేది కుడిచేత్తో ఇవ్వాలి, ఇచ్చాక వెంటనే లేచిపోకూడదు.

ధాన్యపు గాదె కింద అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఇంటి పెద్ద కొడుకు బడిపంతులు. పావుగంట తర్వాత ఆయన లేచి, "అమ్మ మెలకువగానే ఉంది, రండి" అన్నాడు. తమ్ముడు ఆ మాటను ఇండోనేషియా భాష నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు గొంతు తగ్గించాడు.

తొంగ్కోనన్ ఉత్తరముఖంగా ఉంటుంది. దక్షిణపు గది పోయినవారిది. అయితే సంస్కారం మొదలై మొదటి దున్న కూలేదాకా ఎవరినీ పోయినవారు అనరు. ఆ మనిషిని "తొ మకులా" అంటారు, అంటే జబ్బుతో పడుకున్న మనిషి అని. గడప దగ్గర కొడుకు ఆగి తలుపు మీద రెండుసార్లు తట్టి, "అమ్మా, ఇండియా నుంచి చుట్టాలొచ్చారు, ఒక అమ్మ, ఆమె తమ్ముడు" అని చెప్పి, ఒక క్షణం ఆగి, అప్పుడు లోపలికి రమ్మన్నాడు.

తెరిచిన పెట్టెలో, పూల దుప్పటి కింద, చిన్న ముసలామె. తలకు ఉన్ని టోపీ, కళ్లజోడు. మొహం చర్మం బాగా ఎండి, ఏళ్లనాటి తాటాకు రంగులోకి తిరిగింది. ముక్కు కొస సన్నబడింది, పెదవులు కొద్దిగా వెనక్కి లాగుకుపోయాయి. దుప్పటి మీద ఉన్న కుడిచేతి గోళ్లు మాత్రం ఎవరో శ్రద్ధగా కత్తిరించి శుభ్రంగా ఉంచారు. పెట్టె పక్కన చిన్న బల్ల మీద పింగాణీ కప్పులో కాఫీ, పళ్లెంలో అన్నం, ఒక అరటిపండు. కప్పు అంచున తడి ఇంకా ఆరలేదు. నాకు బాగా తెలిసిన ఆ ఘాటు, ముక్కులో సూది గుచ్చినట్టుండే వాసన, తాజా కాఫీ వాసనతో కలిసి వచ్చింది. జీవితమంతా ఆ వాసనను చల్లని గచ్చు గదుల్లో, రాతి బల్లల దగ్గర ఎరిగినదాన్ని. అదే వాసన ఒక ఇంట్లో, పక్క గదిలో పిల్లవాడు ఎక్కాలు చదువుతూ ఉండగా తగలడం కొత్త.

నేను చేతులు జోడించి, "నమస్కారం పిన్నిగారూ" అన్నాను. ఎందుకు పిన్నిగారూ అని వచ్చిందో తెలియదు, వచ్చేసింది. కోడలు నవ్వి, ఆమె చెవి దగ్గర వంగి, నేనన్న దాన్ని చెప్పింది.

ఆమెను పడుకోబెట్టిన తీరు గురించి అడిగాను. తల ఒక పక్కకు, కాళ్లు ఒక పక్కకు, తూర్పు పడమరలుగా ఉంది. సంస్కారం మొదలైన రోజున తల దక్షిణానికి తిప్పుతారని, పుయా ఉన్నది దక్షిణానే కాబట్టి ఆ తిప్పడంతోనే మనిషి నిజంగా పోయినట్టని కొడుకు చెప్పాడు. మనవైపూ శవాన్ని దక్షిణం తలగానే పడుకోబెడతాం, యముడి దిక్కు అదే అంటాం. ప్రాణం పోయిన గంటలో మనం చేసే ఆ మార్పును వీరు పద్నాలుగు నెలలుగా వాయిదా వేశారు.

సాయంత్రం ఊళ్లో ఫార్మలిన్ ఎక్కించే మనిషి అరుగు మీదికి వచ్చాడు. ఆరోగ్య కేంద్రంలో పనిచేసి విరమించినవాడు. నా వృత్తి ఏమిటో తెలిశాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన ధమని కోసం వెతకడు. పొట్టలోకి, ఛాతీలోకి, తొడ కండల్లోకి నేరుగా పొడుగాటి సూదితో ఎక్కిస్తాడు. పోయిన కొద్ది గంటల్లోనే చేయాలి, ఆలస్యమైతే పట్టదంటాడు. అది నిజమే. ఫార్మలిన్ చేసే పనల్లా కణాల్లోని మాంసకృత్తులను ఒకదానితో ఒకటి ముడివేసి బిగించడం. కుళ్లు మొదలయ్యాక ముడివేయడానికి మిగిలేది తక్కువ. ఈజిప్టులో మెదడును, పేగులను తీసేసి, నాట్రన్ ఉప్పులో కప్పి నీరంతా పీల్పించేవారు. సంస్కారమంతా 70 రోజులు. ఇక్కడ ఏ అవయవాన్నీ తీయరు. మందు బిగిస్తుంది, తర్వాత కొండగాలి నెమ్మదిగా ఆరబెడుతుంది.

మందు రాకముందు ఏం చేసేవారని అడిగితే, మూల కూర్చుని తమలపాకు నములుతున్న పెద్దావిడ సమాధానం చెప్పింది. తన చిన్నతనంలో టీ ఆకు, ఇంకా వగరుగా చేదుగా ఉండే ఆకులు నూరి ఒంటికి పట్టించేవారట. తర్వాత గుడ్డ మీద గుడ్డ చుట్టుకుంటూ పోయి, దుంగలాగా అయ్యేదాకా బిగించేవారు. లోపలి నీరు గుడ్డ పీల్చుకునేది, మిగిలింది వెదురు గొట్టం గుండా కిందికి పోయేది. వాసన పోవడానికి ఎండబెట్టిన ఆకులు పక్కన కాల్చేవారు. వగరు ఆకు అనగానే నాకు మన తంగేడు చెక్క తలపుకొచ్చింది. తోలు ఊనడానికి మన ఊళ్లలో తంగేడు చెక్కను వాడింది ఆ వగరు కోసమే, చర్మం కుళ్లకుండా బిగిసేది దానివల్లే. ఆ కొండ మీది ముసలమ్మలు, మన ఊరి తోలు పనివారు ఒకరినొకరు ఎరగకుండానే ఒకే పని చేశారు.

లేచేటప్పుడు కోడలు ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టింది. పేరు డెప్పా తోరి. బియ్యప్పిండి, తాటిజాతి చెట్టు బెల్లం కలిపి, నువ్వులద్ది, నూనెలో వేయించినవి. ఆకారం శంకర్‌పాళీలా నాలుగు మూలలదే గాని కొరికితే అచ్చంగా నువ్వుల అరిసె. తమ్ముడు ఒకటి నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, మాట్లాడకుండా రెండోది తీసుకున్నాడు. అమ్మ అరిసెలను చెక్కల మధ్య ఒత్తే చప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి వినబడిందనుకుంటాను.

ఆగస్టు 22, రాంబు సోలో

ఇంకో ఊళ్లో మరణ సంస్కారం మూడో రోజు. రాంబు సోలో అంటే దిగే పొగ. వెదురు పాకలకు అంకెలు వేసి ఉన్నాయి, మాది 27. పందులను వెదురు కర్రలకు కట్టి మోసుకొస్తున్న బంధువుల వరస గంటసేపు ఆగలేదు. వచ్చిన ప్రతి పందినీ దున్ననూ ఒక మనిషి లావుపాటి పుస్తకంలో, ఇచ్చినవారి పేరుతో, గుర్తులతో రాసుకుంటున్నాడు. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకమే. అక్కడ కూడా ఆ రాత అప్పే, వారింట్లో మరణం జరిగినప్పుడు అంతకంత తిరిగి పెట్టాలి. వధ పన్ను వసూలు చేసే ప్రభుత్వ ఉద్యోగి వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు.

దున్నను ఒక్క వేటుతో కూల్చడం నేను చూడలేదు. పాక వెనక వంటవారి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఎవరూ తప్పు పట్టలేదు. వారే నాకు పందిమాంసం తగలని గిన్నె ఒకటి వేరుగా కడిగి, పమర్రసన్ అనే నల్లటి మసాలాతో వండిన చేప పెట్టారు. రాత్రి మగవారు చేతులు పట్టుకుని వలయంగా నిలబడి బదొంగ్ పాడారు. వాద్యం లేదు, పోయినమనిషి పుట్టుక మొదలు చావు దాకా కథను గొంతులతోనే నెమ్మదిగా చెప్పుకుంటూ అడుగు మారుస్తారు. అంతకుముందే పాస్టరు ప్రార్థన కూడా అయింది. 1906లో డచ్చివారు ఈ కొండలను లోబరచుకున్నాక, 1913 నుంచి మిషనరీలు వచ్చారు. ఇప్పుడు తొరాజలు ఎక్కువమంది క్రైస్తవులు. పాత మతం పేరు అలుక్ తో దోలో, పూర్వీకుల మార్గం అని అర్థం. 1969లో ఇండోనేషియా ప్రభుత్వం దాన్ని హిందూ ధర్మంలో ఒక శాఖగా గుర్తించిందని తెలిసినప్పుడు, ఉదయం నుంచి వింత అనిపించని నా మనసుకు ఒక కారణం దొరికినట్టయింది.

ఆగస్టు 23, బారుప్పు దారిలో

మానెనె అనే ఆచారం ఉన్నది తొరాజ అంతటా కాదు. ఉత్తరాన పాంగలా, బారుప్పు వైపు కొండ ఊళ్లలో ప్రధానంగా ఉంది. వరి కోతలయ్యాక, ఆగస్టులో, ఏటా గాని కొన్నేళ్లకొకసారి గాని సమాధులు తెరిచి పెద్దల దేహాలను బాగుచేస్తారు. నెనె అంటే తాత, నాయనమ్మ, పూర్వీకుడు. పోంగ్ రుమాసెక్ అనే వేటగాడు అడవిలో దిక్కులేక పడి ఉన్న శవాన్ని చూసి, తన బట్ట తీసి కప్పి, మంచి చోట ఉంచాడని, ఆ తర్వాత అతని పంటా వేటా కలిసొచ్చాయని బారుప్పువారు చెప్పుకునే కథ.

పాంగలా దాటాక రోడ్డు రెండుగా చీలిన చోట మా డ్రైవరు ఎడమకు తిప్పాడు. నలభై నిమిషాలు రాళ్ల మీద ఊగిసలాడాక దారి ఒక కాఫీ తోట గట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ కాఫీ గింజలు చాప మీద ఆరబోస్తున్న ఒక ముసలాయన, దారి చెప్పడానికి ముందు, మేం ఎవరింటికి వెళ్తున్నామో, ఏ నెనె కోసమో అడిగాడు. గైడు ఆ తాత పేరు చెప్పగానే, "అయితే ఇవి ఇవ్వండి, చిన్నప్పుడు నాకు చెరువులో ఈత నేర్పినవాడు" అంటూ రెండు గుప్పిళ్ల గింజలు గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. ఆ ఈత నేర్పినవాడు పోయి ఇరవై రెండేళ్లయింది.

మేం చేరేసరికి పొద్దు ఎక్కింది. కొండవాలున సిమెంటు గదిలాంటి సమాధి, దాన్ని పాతనె అంటారు. తలుపు తెరిచి, ఒక పెద్దమనిషి లోపలివారితో మాట్లాడి అనుమతి తీసుకున్నాక పెట్టెలు ఒక్కొక్కటే బయటికి తెచ్చి గడ్డి మీద దించారు. దాదాపు 60 మంది, మూడు తరాలు. ఎవరి మొహంలోనూ భయం లేదు. పిల్లలు పెట్టెల మధ్య పరిగెడుతున్నారు.

ఈత నేర్పిన తాతను ఇద్దరు కొడుకులు భుజాల కింద చేతులు వేసి లేపారు. దేహం పలకలా బిగిసి, నిలబెడితే నిలబడింది. పాత చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెద్ద కూతురు కత్తెరతో వీపు వైపు కత్తిరించి, అంగుళం అంగుళం విడదీసింది. ఛాతీ మీద బూడిదరంగు బూజును రంగులు వేసే వెడల్పు కుంచెతో పైనుంచి కిందికి దులిపింది. కంటిగుంటల దగ్గరికి వచ్చేసరికి కుంచె పక్కన పెట్టి, చీర కొంగులాంటి తన భుజం గుడ్డ కొసతో అద్దింది. మెడ కండరం, కాలర్ ఎముక మీద అది అతుక్కునే చోటు, ముంజేతి స్నాయువులు విడివిడిగా కనిపిస్తున్నాయి. విద్యార్థులకు నేను ఎన్నోసార్లు వేలుపెట్టి చూపిన భాగాలవి. ఆ రోజు వాటి పేర్లు నా మనసులోకి రాలేదు. ఎండలో గంటసేపు ఆరబెట్టి, కొత్త చొక్కా, నల్ల కోటు, నల్లద్దాల కళ్లజోడు పెట్టారు. చిన్న కొడుకు లవంగం సిగరెట్టు వెలిగించి ఆయన పెదవుల మధ్య ఉంచాడు. పుట్టి నాలుగు నెలలైన మునిమనవరాలిని ఎదురుగా ఎత్తిపట్టి, "చూడు నెనె" అన్నారు. కాఫీ మూటను కోటు జేబులో పెట్టారు.

అదే సమాధి నుంచి తెచ్చిన పాత మూటలు రెండు పక్కన ఉన్నాయి. ఆ తాత తల్లిదండ్రులవి. వాటిని విప్పలేదు, పైనుంచి కొత్త ఎర్రగుడ్డ చుట్టారు. లోపల ఎముకలే ఉంటాయని, ఆకుల కాలంలో దేహం ఇన్నాళ్లు నిలిచేది కాదని గైడు చెప్పాడు. లొండాలో చూసింది అప్పుడు అర్థమైంది. దూరం నుంచి చూసేవారికి వేల ఏళ్లనాటి విద్యలా కనిపించే ఆ నిండు దేహం నిజానికి మందుసీసా వచ్చాక తయారైనది. దాని పక్కన గుడ్డమూటలో ఉన్న ఎముకలే పాత పద్ధతివి. పురాతన విద్య మిగిలి ఉందా అని నన్నెవరైనా అడిగితే, పదార్థం మారిందనీ, ఆకు పోయి ఫార్మలిన్ వచ్చిందనీ చెబుతాను. మారనిది దేనికోసం చేస్తున్నారన్నది. రావలసినవారు వచ్చేదాకా మనిషిని పంపకుండా ఆపడం, పంపాక కూడా చూసుకోవడం. దీన్ని వింతగా చూపించి ఫొటోలు అమ్ముకునేవారి మీద నాకు కోపం ఉంది. ఆ కూతురు గుడ్డ కొసతో అద్దిన తీరు చూస్తే వింత అనే మాట ఎవరికీ రాదు.

చిన్న కొడుకు పాపువాలో రాగి గనిలో పనిచేస్తాడు. తండ్రి పోయినప్పుడు తాను వచ్చేందుకు రెండేళ్లు పట్టిందని, అంతదాకా ఇంట్లోనే ఉంచారని అన్నాడు. తమ్ముడు ఆ మాటను నాకు తెలుగులో చెప్పలేదు. నాకు అర్థమైందని వాడికి తెలుసు.

"మీ అమ్మను ఎక్కడ ఉంచారు?" అని అతను అడిగాడు.

"గోదావరిలో కలిపాం" అన్నాడు తమ్ముడు.

"మరి ఎలా కలుసుకుంటారు?"

తమ్ముడు చాలాసేపు ఆలోచించి, ఏడాదికొకసారి ఆమె తిథినాడు పేరు, గోత్రం చెప్పి పిలుస్తామని, ఆకు వేసి ఆమెకిష్టమైనవి వండి పెడతామని, ఆ రోజు ఆమె వస్తుందని చెప్పాడు. అతను తల ఊపి, ఏం వండుతారని అడిగాడు. తమ్ముడు ఒక్కొక్కటే చెబుతుంటే, పనసపొట్టు అనే మాటకు ఇండోనేషియా భాషలో సరైన పేరు కోసం ఇద్దరూ వెతుక్కున్నారు. నేను లేచి సమాధి వెనక్కి వెళ్లి, అక్కడ చెట్టు నీడలో కొంతసేపు నిలబడ్డాను. తిరిగి వచ్చాక వాడికి చెప్పాను, ఆ రోజు నాకు తెలుసని, కాలేజీకి ఒక్క ఫోను చేస్తే మందు డబ్బా వచ్చేదని, పెద్దల ముందు నోరు విప్పలేకపోయానని. వాడు, "తెలుసు అక్కా, నువ్వు ఆ పని చేసేదానివని నాకు తెలియదా" అన్నాడు.

పొద్దువాలే ముందు అందరితోపాటు తాతను మధ్యలో నిలబెట్టి ఫొటో తీశారు. మమ్మల్నీ చివర నిలబెట్టారు. తర్వాత పెట్టెలు లోపలికి వెళ్లాయి.

ఆగస్టు 24, తిరుగు దారి

గైడు డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, మా కారు మలుపు తిరిగేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డాడు. రాంతెపావో దాటేలోపు తమ్ముడు ఒక కొట్టు ముందు కారు ఆపించి డెప్పా తోరి అరకిలో పొట్లాలు నాలుగు కొన్నాడు, ఒక్కోటి 35 వేలు. మూడు తన సంచిలో వేసుకుని, ఒకటి నా చేతికిచ్చాడు. ఆశ్వయుజ బహుళ నవమి అమ్మ తిథి. ఈసారి ముందురోజుకే ఇంట్లో ఉంటానని, ఆ రోజు ఆకులో అరిసెలతోపాటు ఇవీ రెండు వడ్డించాలని అన్నాడు.

ఇంటికి రాగానే వాటిని అమ్మ వాడిన స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, అటక మీద పెట్టాను.